కాల్షియం అంటే సున్నమే అనుకొని... మట్టి కార్డులో మాటల పుట్టుక

ఈసారి పోస్టు కాస్త పెద్దది. ఉభాలు అయిపోయి ఊపిరి తీసుకునే టైము దొరికింది కాబట్టి రాస్తున్నాను. మీరూ తీరిగ్గానే చదవండి, మధ్యలో చుట్టో టీయో కానిచ్చుకోండి.

ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. చెరువు కింద మాకు 60 సెంట్ల మడి ఉంది. అందులో ఒక మూల ఎన్నడూ నాట్లు తేరుకోవు. వేసవిలో ఆ మూల నేల నల్లగా పెళ్ళలు కడుతుంది, వాన పడితే జిడ్డులా జారుతుంది, నీరు లోపలికి ఇంకదు. మట్టి తీసి పరీక్షకి ఇస్తే కొన్నాళ్ళకి కార్డు వచ్చింది. అందులో "ఉదజని సూచిక 8.9" అని ఉంది, పక్కన "క్షార స్వభావం" అని ఉంది. రెండూ తెలుగు అక్షరాలే. నాకు మాత్రం ఒక్క ముక్క బోధపడలేదు.

కార్డు పట్టుకొని ఎరువుల కొట్టుకి వెళ్తే అక్కడున్నాయన చూసి "ఈ నేలకి కాల్షియం పడాలి" అన్నాడు. ఆ మాట నిజమే, ఆయన తప్పు చెప్పలేదు. నేనే ఇంకో మాట అడక్కుండా ఇంటికొచ్చేశాను. రాత్రి మా అబ్బాయి సైన్సు పుస్తకం తిరగేస్తుంటే కాల్షియం అనే పేరు లాటిన్ భాషలో సున్నానికున్న "కాల్క్స్" అనే పేరు నుంచి పుట్టిందని కనపడింది. ఇంకేటి, కాల్షియం అంటే సున్నమే కదా అనీసి, మర్నాడే రెండు బస్తాల సున్నం తెచ్చి ఆ మూలంతా చల్లించాను. ఆ ఏడు ఆ మూలతో పాటు దాని చుట్టూ ఉన్న పది సెంట్లు కూడా పోయింది.

సంగతేటంటే, ఆ మూల కారు చౌడు. దానికి కావలసింది జిప్సం. సున్నంలోనూ కాల్షియం ఉంది, జిప్సంలోనూ కాల్షియం ఉంది. కాని సున్నం పులుపు నేలకి మందు. చౌడు నేలకి సున్నం వేస్తే జ్వరం మనిషికి కంబళి కప్పినట్టు. మాట పుట్టుక పుస్తకంలో దొరికింది, మాట పని మాత్రం నాకు తెలియలేదు.

అప్పట్నుంచి కార్డు మీద మాట, బస్తా మీద మాట ఏది కనపడినా అది ఎక్కడ పుట్టింది, ఏ దారిన మన ఊరికొచ్చింది అని వెతకడం ఒక పిచ్చిలా పట్టుకుంది. వెతుకుతుంటే తెలిసిందేటంటే, ఆ మాటల్లో సగం మన పొయ్యి దగ్గరవి, పశువుల శాల దగ్గరవి, చౌడు గట్టు మీదవి. కోటు వేసుకొని తిరిగొస్తే మనం గుర్తుపట్టడం లేదు, అంతే.

పొటాష్ తీసుకోండి. కట్టెలు కాల్చిన బూడిదని కుండలో నీళ్ళు పోసి కలిపి, పైన తేరిన నీళ్ళు మరిగిస్తే అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. యూరపులో సబ్బుకీ గాజుకీ అది వాడేవారు. కుండని వాళ్ళు "పాట్" అంటారు, బూడిదని "యాష్" అంటారు. పాట్, యాష్ కలిస్తే పొటాష్. అంటే కుండ బూడిద. 1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త ఆ పొటాష్ లోకి కరెంటు పంపించి లోపలున్న లోహాన్ని విడదీశాడు, దానికి పొటాషియం అని పేరు పెట్టాడు. మరి బస్తా మీద పొటాషియానికి "కె" అనే గుర్తు ఎందుకుంది? అది అరబ్బీ నుంచి వచ్చింది. మొక్కలు కాల్చిన బూడిదని అరబ్బులు "అల్ కలీ" అనేవారు. అందులోంచి "కాలియం" అనే లాటిన్ పేరు, దాని మొదటి అక్షరం "కె". అదే మాటలోంచి ఇంగ్లీషు "ఆల్కలీ" కూడా. మన కార్డులో "క్షారం" అని రాసేది ఆ ఆల్కలీనే. సంస్కృతంలో క్షారం అన్నా బూడిద నుంచి తీసిన ఘాటు ఉప్పే. ఇంగ్లీషువాడి కుండలో, అరబ్బువాడి పొలంలో, మన వైద్యుల మూకుడులో మొదలు ఒకటే, బూడిద.

మా అమ్మ పొయ్యిలో బూడిద తీసి ఆనపపాదు మొదట్లో వేసేది. ఎందుకే అంటే "కాయ నిలుస్తుందిరా" అనేది. ఆవిడకి పొటాష్ మాట తెలియదు. పొటాష్ అంటే ఆవిడ చేతిలో ఉన్న బూడిదే అని నాకూ తెలియదు.

క్షారం మాట ఇక్కడితో ఆగలేదు. మీకు సురేకారం తెలుసు కదా, దీపావళికి మందు దంచుకునేవాళ్ళు తెచ్చేది. కంసాలి దగ్గర వెలిగారం చూసుంటారు. మురికి నీళ్ళలో తిప్పే పటికారం చూసుంటారు. ఈ మూడింటి చివర ఉన్న "కారం" క్షారమే, నలిగి నలిగి అలా అయింది. కూరలో వేసే కారం కూడా ఇందులోంచే వచ్చిందని కొందరంటారు, కాదు అది మన ద్రావిడ మాటే అని కొందరంటారు. పండితులు తేల్చుకోనివ్వండి, మన కూరకి లోటు లేదు. మనకి పనికొచ్చే సంగతి ఇది. వెలిగారాన్ని ఇంగ్లీషులో బోరాక్స్ అంటారు, దాంట్లోంచి తీశారు కాబట్టి బోరాన్ అన్నారు. కార్డులో బోరాన్ తక్కువ అని రాసి ఉంటే, ఉద్దానంలో కొబ్బరికి బోరాక్స్ వెయ్యమని చెప్తే, అది కంసాలి వెలిగారం చుట్టమే అని గుర్తుపెట్టుకోండి. సురేకారం అయితే ఇంకా దగ్గర. జీడికీ మామిడికీ పిచికారీ చేసే 13-0-45 ప్యాకెట్టు ఉంది చూడండి, పొటాషియం నైట్రేట్, అది శుద్ధి చేసిన సురేకారమే. అంత రేటు పెట్టి కొంటున్నది ఏటో పేరు తెలిస్తే బాగుంటుంది కదా. అలాగని దీపావళి సరుకు తెచ్చి చెట్టు మీద కొట్టకండి. నేను సున్నం వేసినట్టవుతుంది.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఈజిప్టు దేశంలో ఎడారి మధ్య ఒక పల్లం ఉంది, వాదీ నత్రూన్ అంటారు. అక్కడి మడుగులు ఎండితే ఒడ్డున తెల్లగా ఉప్పు పొంగుతుంది. మన నౌపడ ఉప్పు మడుల్లాగ కాదు. తినే ఉప్పు కాదది, మన చౌడు గట్ల మీద మాఘమాసంలో పొంగుతుంది చూడండి, అలాంటిది. దాన్ని ఈజిప్టువాళ్ళు బట్టలు ఉతకడానికి వాడేవారు, చచ్చిపోయిన రాజుల శరీరాలు కుళ్ళకుండా ఆరబెట్టడానికి వాడేవారు. మన పెద్దలూ చౌడు మట్టితోనే కదా బట్టలు ఉతికారు. ఆ ఉప్పు పేరుని గ్రీకులు "నిత్రోన్" అన్నారు, అరబ్బులు "నత్రూన్" అన్నారు.

తరవాత యూరపులో ఈ ఒక్క పేరు రెండు దారులు పట్టింది. పాత గోడల మీద, పశువుల పాకల నేల మీద పొంగే ఇంకో తెల్ల ఉప్పుని, అంటే మన సురేకారాన్ని, "నైటర్" అనడం మొదలెట్టారు. రెండూ తెల్లగానే పొంగుతాయి కాబట్టి ఒకే పేరు తగిలించేశారు. 1790లో ఫ్రాన్సులో షాప్తాల్ అనే రసాయన శాస్త్రవేత్త, గాలిలో ఎక్కువ భాగం ఉన్న వాయువు ఈ నైటర్ ని పుట్టించేదే అని దానికి "నైట్రోజన్" అని పేరు పెట్టాడు. "జన్" అంటే పుట్టించేది. రెండో దారిలో అసలు ఈజిప్టు ఉప్పు పేరు నిలిచింది. అందులో ఉన్న లోహాన్ని కూడా 1807లోనే డేవీ విడదీశాడు, ఇంగ్లీషులో సోడియం అన్నాడు. లాటిన్ లో దాని పేరు మాత్రం "నాట్రియం". గుర్తు "ఎన్ఏ".

చూశారా? "ఎన్" అంటే నత్రజని, మన వరికి ప్రాణం, యూరియా బస్తా కోసం లైన్లో నిలబడేది దానికోసమే. "ఎన్ఏ" అంటే సోడియం, నా మడి మూలని తినేసిన చౌడుకి మూలం. రెండు పేర్లూ ఒకే మడుగు ఒడ్డున పుట్టాయి. ఒకటి పంటని పెంచుతుంది, ఇంకోటి మట్టి రేణువుల్ని విడగొట్టి నేలని బిగించేస్తుంది. పేరు వరస చూసి అన్నదమ్ములు అనుకుంటే మునిగిపోతాం. మట్టి కార్డులో 12 అంశాలు ఉంటాయి గాని సోడియం పేరు ఉండదు. పీహెచ్ 8.5 దాటిందీ అంటే ఎక్కువగా వెనకాల కూర్చున్నది అదే. జిప్సం వేస్తే అది నీటిలో కరిగి, దానిలోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని తోసేసి ఆ చోటులో కూర్చుంటుంది. తరవాత మంచి నీరు పెట్టి ఆ మురుగు బయటకి తీసెయ్యాలి. సున్నం అయితే అంత చౌడు నేలలో సరిగ్గా కరగదు, పైగా పొడి సున్నం ఘాటు ఇంకా పెంచుతుంది. ఇదంతా పంట పోయాక తెలిసింది.

"ఉదజని" దగ్గరకొద్దాం. నీళ్ళకి సంస్కృతంలో ఉదకం. తద్దినాల్లో పంతులుగారు ఉదకం వదలమంటారు కదా, అదే. "జని" అంటే పుట్టించేది, జన్మ, జనకుడు, జన్యువు అన్నిట్లో ఉన్నదే. ఉదజని అంటే నీటిని పుట్టించేది. గ్రీకులో నీటిని "హుడోర్" అంటారు. హైడ్రోజన్ అన్నా అర్థం అదే. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. ఇది అర్థాన్ని అర్థంతో అనువదించుకోవడం ఒక్కటే కాదు, ఆ మాటలు నిజంగానే చుట్టాలు. ఉదకం, హుడోర్, ఇంగ్లీషు "వాటర్" మూడూ ఒకే పాత మాట పిల్లలు. మన "జన్", వాళ్ళ "జెన్" కూడా అంతే. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జి సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని చెప్పాడు. తరవాత 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే కలెక్టరు, తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతంలోంచి పుట్టినవి కావు, వాటిది వేరే కుటుంబం అని రుజువులతో రాశాడు, అది ఒక తెలుగు వ్యాకరణ పుస్తకం ముందుమాటలో అచ్చయింది. అందుకే మనం రోజూ "నీళ్ళు" అంటాం, "ఉప్పు" అంటాం, "పులుపు" అంటాం. కార్డు "ఉదజని", "లవణం", "ఆమ్లం" అంటుంది.

అన్నట్టు, జనుము విత్తనం జల్లేటప్పుడు దీంట్లోనూ "జన్" ఉంది కదా అని నేను సంబరపడ్డాను. లేదు. అది "శణం" అనే నార పేరులోంచి వచ్చింది. మాటల్లో కూడా కలుపు మొక్కలుంటాయి, ఆకు చూస్తే వరిలాగే ఉంటుంది.

ఆమ్లజని సంగతి ఇంకా విడ్డూరం. ఆక్సిజన్ కి ఫ్రాన్సులో లవోయిజియే పెట్టిన పేరుకి అర్థం "పులుపు పుట్టించేది". ప్రతి పుల్లటి పదార్థంలోనూ ఆ వాయువు ఉండి తీరాలని ఆయన నమ్మాడు. ఆ తరవాత ఇదే డేవీ 1810లో ఉప్పు నుంచి తీసే ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని చూపించాడు. పేరు మాత్రం మారలేదు. మనవాళ్ళు తెలుగు చేసేటప్పుడు ఆ పేరుని ఉన్నదున్నట్టు ఆమ్లజని చేశారు, అంటే ఫ్రెంచి ఆయన పొరపాటుని కూడా శ్రద్ధగా అనువదించుకున్నాం. ఇప్పుడు ఎక్కువగా ప్రాణవాయువు అంటున్నారు, అది నయం. పులుపుకి అసలు కారణం ఉదజని. అందుకే నేల పులుపో చౌడో కొలిచే లెక్కకి "ఉదజని సూచిక" అని పేరు. దాన్ని 1909లో కనిపెట్టినాయన డెన్మార్కులో సోరెన్సెన్, ఆయన పనిచేసింది ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో. 7 అయితే మధ్యస్థం, తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు తేడా. 8, 9 పక్కపక్కనే ఉన్నాయి కదా అని నేను తేలిగ్గా తీసుకున్నాను.

భాస్వరం, యూరియా రెండూ పశువుల శాలలో పుట్టినట్టే. 1669లో జర్మనీలో హాంబర్గ్ ఊళ్ళో హెన్నిగ్ బ్రాండ్ అనే అతను బంగారం చేద్దామని మూత్రాన్ని మరిగించి మరిగించి చూస్తే, చీకట్లో వెలిగే పదార్థం ఒకటి వచ్చింది. వెలుగు తెచ్చేది అని ఫాస్ఫరస్ అన్నారు. మన భాస్వరం కూడా వెలుగు అనే అర్థం ఉన్న "భాస్" నుంచే, భాస్కరుడిలో ఉన్నదే. యూరియా అయితే పేరే మూత్రం. ఉచ్చ పోసిన చోట గడ్డి ముదురు పచ్చగా లేస్తుందని పశువులు కాసే పిల్లలకి కూడా తెలుసు. గత్తం కుప్పలో ఏటుందో దాన్నే ఫ్యాక్టరీలో చేసి, దాని పాత పేరే పెట్టి మనకి అమ్ముతున్నారు.

మరి ఇంత దగ్గర మాటలు మనకి ఇంత దూరం ఎందుకయ్యాయి? ఇక్కడ మన ప్రాంతం మనిషి ఒకరిని తలుచుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా చేశారు. కొండల్లో సవరల భాష నేర్చుకొని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. బడి పుస్తకాల తెలుగు ఒకటి, మనిషి నోట్లో తెలుగు ఇంకోటి అయితే పిల్లవాడికి చదువు ఎలా అబ్బుతుందని ఆయన ప్రశ్న. విశాఖపట్నం వైపు బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ దొర కూడా అదే అడిగాడు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు వాళ్ళతో కలిశారు. గిడుగు వారు 1919లో "తెలుగు" అని పత్రికే పెట్టి వాదించారు. కథలు, నవలలు, పేపర్లు చివరికి ఆయన దారికొచ్చాయి. మట్టి కార్డు ఇంకా రాలేదు.

ప్రయత్నం అసలు జరగలేదని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో జిల్లా జిల్లాకీ తిరిగి రైతుల నోట్లో మాటలు పోగుచేసి, 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు, అది మొత్తం వ్యవసాయం మాటలే. విజయనగరం అప్పటికి వేరే జిల్లా కాలేదు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల మాటలు అందులో ఉన్నాయి. నాగలి ముక్కల పేర్లు, నేలల పేర్లు, కొలతలు అన్నీ. అది లైబ్రరీలో ఉంది, కార్డు రాసేవాళ్ళ బల్ల మీద లేదు. అలాగని ఉదజని సూచిక తీసేసి "పులుపు లెక్క" అని రాస్తే చాలని నేను అనను. మా తాత చౌడు ముక్క నాలిక మీద పెట్టుకొని పాల చౌడో కారు చౌడో చెప్పేవాడు గాని, 8.4 కీ 8.9 కీ తేడా నాలికకి అందదు. శాస్త్రం మాట ఉండాలి, పక్కనే మన మాటా ఉండాలి. "క్షార స్వభావం" పక్కన "కారు చౌడు, జిప్సం వెయ్యాలి, సున్నం వద్దు" అని ఒక్క వరస ఉంటే నా పది సెంట్లు మిగిలేది.

మన మాటలు శాస్త్రంలోకి వెళ్ళినవీ ఉన్నాయి. వరి శాస్త్రీయ నామం "ఒరైజా". గ్రీకువాళ్ళకి ఆ మాట తూర్పు నుంచి పర్షియా మీదుగా చేరింది. సంస్కృతంలో వ్రీహి, మన తెలుగులో వరి, గోండీలో వంజి, వీటన్నిటి వెనకా పాత ద్రావిడ మాట ఒకటుందని చాలామంది భాషా శాస్త్రవేత్తల అభిప్రాయం. అదే నిజమైతే ఇంగ్లీషు "రైస్" కూడా మన కళ్ళంలోంచి వెళ్ళినట్టే.

చోడి కథ చిన్నది. దాని శాస్త్రీయ నామంలో చివర ఉన్న "కొరకానా" సింహళంలో చోళ్ళ పేరు.

ఉద్దానం, పలాస వైపు వాళ్ళకి మాత్రం జీడి సంగతి చెప్పకపోతే ఒప్పుకోరు. ఇప్పుడు మనం జీడి అంటున్న చెట్టు బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చింది. మన జీడి వేరే ఉంది, అడవిలో నల్లజీడి, దాని రసంతో బట్టలు ఉతికేవాళ్ళు గుర్తులు పెట్టేవారు, ఒంటి మీద పడితే పొక్కులు. కొత్త చెట్టు గింజ కూడా అలాగే పొక్కిస్తుంది, పండేమో తినొచ్చు, అందుకని జీడిమామిడి అన్నారు. పోను పోను కొత్తదే జీడి అయిపోయి, పాతదానికి "నల్ల" తగిలించుకోవలసి వచ్చింది. విచిత్రం ఏటంటే యూరపులోనూ ఇదే జరిగింది. "అనకార్డియం" అని వాళ్ళ మందుల కొట్లలో ముందు పిలిచింది మన నల్లజీడి గింజనే, గుండె ఆకారంలో ఉంటుందని. లిన్నేయస్ ఆ పేరు తీసుకెళ్ళి బ్రెజిల్ చెట్టుకి పెట్టాడు. నల్లజీడికి "గుర్తు పెట్టే కాయ" అనే అర్థంలో వేరే పేరు వచ్చింది. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే మనవాళ్ళూ వాళ్ళూ పాత చెట్టు పేరు కొత్త చెట్టుకి ఇచ్చేశారు.

నా మడి సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. మళ్ళీ మట్టి ఇచ్చి, ఈసారి చదివి, అర్థం కానిది అడిగి, జిప్సం వేసి, నీరు కట్టి మురుగు తీశాను. రెండేళ్ళు జీలుగ వేసి దున్నాను. చుట్టూ పది సెంట్లు తేరుకుంది. ఆ మూల ఇంకా పూర్తిగా రాలేదు. ఈ ఏడు ఉభాల్లో అక్కడా నాటించాను, 20 రోజులైంది, ప్రస్తుతానికి పచ్చగానే ఉంది.

ఒక్కటి అడుగుతాను. మా వైపు పాల చౌడు, కారు చౌడు అంటాం. నీరు ఇంకకుండా జిడ్డుగా జారే నేలకి మీ ఊళ్ళో వేరే పేరు ఉందా? ఆముదాలవలస, టెక్కలి, చీపురుపల్లి, సాలూరు వైపు వాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు, అడిగి రాయండి. ఏ ఊరి మాటో కూడా రాయండి. నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను.